తెల్లబారిన పగడానికి నీడ, తిండి, నిలకడ

1998 వేసవిలో ఎల్‌నినో దెబ్బకు హిందూ మహాసముద్రం వేడెక్కిపోయింది. ఆ ఏడాది మన దేశపు పగడపు దిబ్బలు ఎలా ఉన్నాయో చూసిన లెక్కలను రోహన్ ఆర్థర్ 2000లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించారు. లక్షదీవుల్లో పగడాల్లో నూటికి 82 వంతులు తెల్లబడ్డాయి. మన్నార్ సింధుశాఖలో 89 వంతులు తెల్లబడ్డాయి. కచ్‌లో మాత్రం 11 వంతులే. మరి చచ్చిపోయినవి ఎన్ని? లక్షదీవుల్లో 26 వంతులు, మన్నార్‌లో 23. కచ్‌లో తెల్లబడ్డం వల్ల పోయినవి కనిపించలేదు. లెక్క తీసిన తర్వాతి నెలల్లో మరికొన్ని పోయి ఉండొచ్చు, కాదనలేం. అలా అనుకున్నా తెల్లబడిన వాటికీ చచ్చిన వాటికీ మధ్య చాలా తేడా మిగులుతుంది. ఇంట్లో అక్వేరియంలో రాతి పగడాన్ని బతికించాలనుకునేవాడు పనిచేయాల్సింది సరిగ్గా ఆ తేడాలోనే. అక్కడ ఎక్కువ పగడాలను చంపేది జబ్బు కాదనీ, జబ్బు చూసి కంగారుపడి చేసే వైద్యమేననీ ఈ అధ్యాయం వాదన. తెల్లబడిన పగడానికి కావాల్సినవి కాస్త నీడ, కాస్త తిండి, కదలని నీళ్ళ లెక్క. అమ్మకానికి దొరికేవి మాత్రం దీపాలూ సీసాలూ.

రాతి పగడం ఒక జంతువు. మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్ల దాకా వెడల్పుండే పాలిప్‌లు పక్కపక్కనే అంటుకుని, కింద సున్నపు అస్థిపంజరం కట్టుకుంటూ పోతాయి. (ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం వేరే జాతి. అది లోతు నీళ్ళది, దానిలో ఇప్పుడు చెప్పబోయే నాచు ఉండదు.) పాలిప్ కణాల లోపల ఏకకణ శైవలాలు, అంటే నాచు కణాలు, కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో చక్కెరలు చేసి, తాము వాడుకోగా మిగిలింది పగడానికి ఇస్తాయి. ఎండ బాగా తగిలే చోట పగడానికి కావాల్సిన శక్తిలో నూటికి 90 వంతుల దాకా ఈ దారిలోనే వస్తుంది. ఆ చోట మామూలుగా ఉండే అత్యధిక వేసవి వేడికి పైన ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే శైవలంలోని కిరణజన్య యంత్రాంగం గాడి తప్పుతుంది. వెలుతురును పట్టుకుంటుంది గానీ ఖర్చుపెట్టలేకపోతుంది. ఆ మిగులు శక్తి ఆక్సిజన్‌ను మంట పుట్టించే రూపాల్లోకి మార్చి కణాలను కాలుస్తుంది. పగడం శైవలాన్ని బయటికి నెట్టేస్తుంది. రంగు శైవలానిది కాబట్టి అద్దంలాంటి కండ గుండా కింది సున్నం తెల్లగా కనిపిస్తుంది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కాల్చేది వేడి ఒక్కటే కాదు, వేడీ వెలుతురూ కలిసి. అక్వేరియంలోనైతే వేడి లేకుండా కూడా ఇదే జరుగుతుంది. కొత్త ఎల్ఈడీ దీపం బిగించిన వారానికో, నీళ్ళలో నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు దించేసిన నెలకో, ఉప్పు లెక్క తప్పినప్పుడో పగడం పాలిపోతుంది.

అందుకని మొదటి పని మందు వెతకడం కాదు, పోయినదేమిటో చూడడం. రాత్రి దీపాలార్పి పది నిమిషాలాగి, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో, భూతద్దంతో చూడాలి. తెల్లటి కొమ్మ మీద పారదర్శకంగా మెరిసే జిగురు పొర, దాని మధ్య ముడుచుకున్న నోళ్ళు, వాటి చుట్టూ సన్నని వేళ్ళలా చాచుకున్న పోగులు కనిపిస్తే పగడం బతికే ఉంది. పొర లేక సున్నపు గుంటలు పదునుగా, పొడిపొడిగా కనిపించి, రెండు మూడు రోజుల్లో వాటి మీద పచ్చటి నాచు మొదలైతే ఆ మేరకు పోయినట్టే. కండ రోజుకో అంగుళం చొప్పున రాలిపోతూ ఉంటే అది తెల్లబడ్డం కాదు, వేరే రోగం. అప్పుడు రాలుతున్న అంచుకు కాస్త దూరంగా, బతికిన వైపు కోసి వేరు చేయడమే దారి. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడేవాళ్ళ సలహాలు సగం ఇక్కడే చెడతాయి. ఇక పూర్తిగా సున్నం మిగిలిందనుకున్న చోట కూడా తొందరపడకూడదనడానికి 2019లో ఒక సాక్ష్యం వచ్చింది. స్పెయిన్ తీరంలోని కొలుంబ్రెతెస్ దీవుల దగ్గర మధ్యధరా పగడం క్లాడోకోరాను ఏళ్ళ తరబడి చూసిన కెర్‌స్టింగ్, లినారెస్ అనే శాస్త్రజ్ఞులు, వేడికి చచ్చాయని లెక్కకట్టిన గుత్తుల్లో కొన్ని పాలిప్‌లు కుంచించుకుపోయి గుంటల అడుగున దాక్కుని, ఏళ్ళ తర్వాత మళ్ళీ కొత్త సున్నం కట్టుకుని పైకి వచ్చాయని చూపించారు. అన్ని జాతులకూ ఇది చేతనవుతుందని దీని అర్థం కాదు. చెత్తబుట్టలో వేసేముందు నెల రోజులు ఆగమని మాత్రం ఇది చెబుతుంది.

బతికే ఉందని తేలాక, ఎక్కువమంది చేసే తప్పు వెలుతురు పెంచడం. శైవలం తగ్గింది కాబట్టి వెలుతురు ఎక్కువిస్తే మిగిలినది త్వరగా పెరుగుతుందన్నది వాళ్ళ తర్కం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మిగిలిన కొద్ది శైవలం గాయపడ్డది. పైగా ఇంతకుముందు పక్కపక్కన కిక్కిరిసి ఒకదానికొకటి నీడ పట్టిన కణాలు ఇప్పుడు ఒంటరివి. తెల్లటి సున్నం కింది నుంచి వెలుతురును తిప్పికొడుతుంది కూడా. ఒక్కో కణానికి అందే వెలుతురు మామూలు కన్నా ఎక్కువే అవుతుంది. అందుకని దీపాన్ని సగానికి తగ్గించడం, లేదా పగడాన్ని తొట్టి అడుగుకు, రాతి నీడకు దించడం సరైన పని. లేత గోధుమ రంగు ఛాయ తిరిగి వచ్చాక వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోవచ్చు.

నీడలో పెడితే ఉన్న ఆదాయం కూడా పోదా అనేది న్యాయమైన ప్రశ్న. జవాబు తిండిలో ఉంది. పగడం జంతువని చెప్పుకున్నాం. పోగులు చాచి ప్లవకాలను పట్టి తినగలదు. హవాయి పగడాలను తొట్లలో వేడికి తెల్లబరిచి, తర్వాత వాటి తిండిని కొలిచిన గ్రొటోలి బృందం 2006లో నేచర్ పత్రికలో ఫలితాలు రాసింది. మాంటిపోరా కాపిటాటా అనే జాతి తెల్లబడిన తర్వాత తిండి అమాంతం పెంచి, రోజు ఖర్చుకు సరిపోయే శక్తి మొత్తాన్ని, అంతకన్నా ఎక్కువే వేట మీద సంపాదించింది. పోరైటిస్ జాతులు అలా పెంచలేదు, ఒంట్లో దాచుకున్న కొవ్వును కరిగించుకుంటూ గడిపాయి. అంటే తిండి అందరికీ ఒకేలా పనిచేయదు. కానీ పెద్ద నోళ్ళున్న మెదడు పగడం వంటి వాటికి పెట్టి చూడకపోవడం నేరమే. ఈ తిండి విషయంలో ఆంధ్రులకు ఒక వెసులుబాటుంది. నెల్లూరు నుంచి విశాఖ దాకా తీరం పొడవునా రొయ్య పిల్లల హేచరీలున్నాయి. వాటిలో పిల్లలకు పెట్టేది ఆర్టీమియా. డబ్బాల్లో వచ్చే దాని గుడ్లను ఉప్పునీళ్ళలో వేసి గాలి కొడితే 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి. అప్పుడే పొదిగిన నారింజ రంగు పిల్లలను వడకట్టి, మంచినీళ్ళలో ఒకసారి కడిగి, రాత్రి పోగులు బయటికి వచ్చిన వేళ పంపు ఆపి, డ్రాపరుతో నోటి మీద వదిలితే చాలు. వారానికి రెండు మూడుసార్లు. తినకుండా ఉమ్మేస్తే ఆపేయాలి. పడిపోయిన తిండిని అరగంటలో లాగేయాలి.

దీనికి అక్వేరియం పెద్దల నుంచి వచ్చే అభ్యంతరం తెలిసిందే: తిండి పెడితే నీళ్ళు చెడతాయి, పగడాలు పోషకాలు లేని నీళ్ళలో బతికేవి కదా అని. సముద్రంలో పగడపు దిబ్బల నీళ్ళు నిజంగానే పేదవి. కానీ పేదరికం వేరు, లెక్క తప్పిన పేదరికం వేరు. నైట్రేటు ఎక్కువై ఫాస్ఫేటు దొరకని స్థితిలో పగడాలు వేడికీ వెలుతురుకూ ఇంకా తేలిగ్గా తెల్లబడతాయని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలోని వీడెన్‌మాన్ బృందం 2013లో చూపించింది. శైవలం కణపొరలకు ఫాస్ఫరస్ కావాలి. అది లేకుండా నైట్రోజన్‌తో విభజన మాత్రం సాగితే తయారయ్యే కణాలు బలహీనం. అందుకే ఫాస్ఫేటు తీసేసే రసాయనాలు పోసి పోసి ఆ లెక్క సున్నా చూపించగానే సంబరపడే అలవాటు మానుకోవాలి. లీటరుకు నైట్రేటు కొన్ని మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు మిల్లీగ్రాములో ఇరవయ్యో ముప్పయ్యో వంతు ఉండటం కోలుకునే పగడానికి మేలు.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ విషయాన్ని వేరే ఊళ్ళ పుస్తకాల్లోంచి ఎత్తి రాస్తే కుదరదు. కుందూ లోయ కింద ఉన్నది సున్నపురాయి, దాని మీద పలకరాయి. భూగర్భ శాస్త్రంలో వాటి పేర్లే కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. వాటి కింది వరసలో నర్జీ సున్నపురాయి. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను నీరు తొలిచింది దానిలోనే, బేతంచెర్ల నాపరాళ్ళుగా మన గచ్చుల మీదికి వచ్చేది కూడా ఆ రాయే. ఇవి ఏర్పడిన సముద్రంలో పగడాలు లేవు. జంతువులే సరిగా పుట్టని కాలం నాటి రాళ్ళవి. ఇప్పటి రాతి పగడాల వంశం భూమ్మీదికి వచ్చి సుమారు 24 కోట్ల ఏళ్ళే అయింది. అయినా మన బోరు నీళ్ళలో సున్నం కావాల్సినంత ఉంది. కాగుల్లో పట్టే తెల్లటి గారే సాక్ష్యం. పగడం కట్టుకునేదీ సున్నమే గనక ఈ నీళ్ళు దానికి వరం కావాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 200 లీటర్ల తొట్టి, వేసవిలో రోజుకు 2 లీటర్లు ఆవిరవుతున్నాయి, ఆ లోటును బోరు నీళ్ళతో పూడుస్తున్నాం అనుకుందాం. నీళ్ళ కఠినత్వం సున్నపురాయి లెక్కలో లీటరుకు 300 మిల్లీగ్రాములనుకుంటే, నెలకు 60 లీటర్లతో 18 గ్రాముల సున్నం తొట్టిలో చేరుతుంది. ఆవిరి పైకి పోతుంది, సున్నం ఇక్కడే ఉంటుంది. తొట్టి నీళ్ళలో అది లీటరుకు 90 మిల్లీగ్రాములు. అక్వేరియం వాళ్ళు కొలిచే క్షారత డిగ్రీల్లో చెబితే సుమారు 5. సముద్రపు నీటి సహజ క్షారత సుమారు 7 డిగ్రీలు. నెలలో అది 12 అవుతుంది. ఆరోగ్యంగా ఎదుగుతున్న పగడాలు నిండిన తొట్టిలో ఈ రాబడి ఖర్చైపోయేది, ఒక రకంగా ఉపయోగపడేది కూడా. ఇక్కడే కిటుకుంది. తెల్లబడిన పగడం ఇల్లు కట్టడం దాదాపు ఆపేస్తుంది. సున్నం పేర్చడానికి శక్తి కావాలి, ఆ శక్తి తెచ్చే శైవలం లేదు. కట్టేవాడు మంచాన పడ్డాక సరుకు రోజూ దిగుతూ ఉంటే పేరుకుపోతుంది. ఎక్కిన క్షారతను చూసి ఒకేసారి నీళ్ళు మార్చి దించితే, ఆ ఊపు మరో దెబ్బ. సముద్రంలో శతాబ్దాలుగా కదలని ఆ అంకె ఇంట్లో వారంలో మూడు డిగ్రీలు ఎగిరి దిగితే కొమ్మల చివరలు కాలిపోతాయి. పైగా బోరు నీళ్ళతో సున్నం ఒక్కటే రాదు. ఎరువులు పడే ఆయకట్టు కింద నైట్రేటు, రాళ్ళ నుంచి సిలికా కూడా వస్తాయి. సిలికాతో గోధుమ రంగు డయాటమ్ నాచు గాజు మీదా రాళ్ళ మీదా పరుచుకుంటుంది.

మరొక ఆశ నాపరాయి ముక్కలు తొట్టిలో వేస్తే చాలుననేది. అది కరగదు. సముద్రపు నీరు సాధారణ పీహెచ్ దగ్గర కాల్సైటుతో ఇప్పటికే నిండి, అంతకన్నా పైన ఉంటుంది. అలాంటి నీటిలో రాయి కరగదు, కదలదు. దానివల్ల లాభం లేదు, పెద్ద నష్టమూ లేదు. కాబట్టి తొట్టిలోకి వెళ్ళే ప్రతి చుక్కా ఆర్ఓ నీరే కావాలి. మన వీధుల్లో 20 లీటర్ల క్యాన్లు నింపే ప్లాంట్లకు కొదవ లేదు. కానీ అది తాగడానికి చేసిన నీరు. రుచి కోసం కొంత ముడి నీరు కలిపే చోట్లున్నాయి. టీడీఎస్ మీటరు ముంచితే 40, 60 చూపించే క్యాను పగడానికి పనికిరాదు. ఆ అంకె 5 లోపు ఉండాలి, అంటే ఆర్ఓ తర్వాత డీఅయోనైజర్ గొట్టం ఒకటి ఇంట్లోనే పెట్టుకోవడం మేలు. ఉప్పు కలపడం కూడా అక్వేరియం కోసం చేసిన కృత్రిమ సముద్రపు ఉప్పుతోనే, లీటరుకు 35 గ్రాముల లవణీయత వచ్చేలా. వంటింటి ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం, బైకార్బనేటు ఉండవు. ఇలా చేసిన నీటిలో కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాముల దగ్గర, మెగ్నీషియం 1300 దగ్గర, క్షారత 7 నుంచి 8 డిగ్రీల మధ్య నిలబెట్టి వదిలేయాలి. 7.5 మంచిదా 8 మంచిదా అన్న వాదన వృథా. ఏ అంకె పట్టుకున్నామో దాన్ని వదలకపోవడమే కావాల్సింది.

నీళ్ళ తర్వాత వేడి. నంద్యాలలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. గది 36 దగ్గర ఉంటే తొట్టి 31 దాటడానికి ఎక్కువ సేపు పట్టదు. తెల్లబడిన పగడానికి కావాల్సింది 25, 26. చిల్లరు కొనలేనివాడికి ఇక్కడి ఎండే ఒక సాయం చేస్తుంది. కూజాలో నీళ్ళు చల్లబడే సూత్రమే. నీటి ఉపరితలం మీదికి ఫ్యాను తిప్పితే ఆవిరి వేడిని ఎత్తుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 2,400 కిలోజౌళ్ళ పైచిలుకు వేడి పోతుంది. 200 లీటర్ల తొట్టిని దాదాపు 3 డిగ్రీలు దించడానికి అది చాలు, బయటి నుంచి కొత్త వేడి చేరకపోతే. ఎంత దాకా దించగలమన్నది గాలి పొడితనం మీద ఉంటుంది. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న నంద్యాల మధ్యాహ్నం ఆ హద్దు సుమారు 24 డిగ్రీలు. 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న విశాఖ మధ్యాహ్నం అదే హద్దు 30. సముద్రం పక్కన ఉన్నవాడికి ఫ్యాను పనికిరాని రోజున, నల్లమల దాటి లోపలున్న వాడికి పనికొస్తుంది. ఆచరణలో ఆ హద్దు దాకా ఎవరూ చేరరు, నాలుగైదు డిగ్రీలు దక్కితే గొప్ప. జూలై వచ్చి గాలిలో తేమ పెరిగాక ఆ మాత్రమూ దక్కదు. ఇంకో మెలిక: ఫ్యాను తిరిగిన కొద్దీ ఆవిరి, ఆవిరి కొద్దీ ఉప్పు చిక్కబడటం. కాబట్టి ఫ్యాను పెట్టినవాడు నీళ్ళు రోజుకోసారి పోయడం కాదు, నీటి మట్టం చూసి తనంతట తానే పోసే చిన్న ఫ్లోటు పంపు పెట్టుకోవాలి. కరెంటు పోయినప్పుడు వేడినీళ్ళలో ఆక్సిజన్ ముందు తగ్గుతుంది గనక బ్యాటరీ గాలి పంపు పక్కనే ఉండాలి.

విరిగిన పగడం సంగతి తెల్లబడిన దానికన్నా తేలిక. ఫ్లోరిడాలోని మోట్ సముద్ర పరిశోధనాలయంలో డేవిడ్ వాన్ పొరపాటున విరిగిన చిన్న ముక్కలు అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా కండ పెంచుకోవడం గమనించి, దాన్నే పద్ధతిగా మార్చారు. గోరంత ముక్కలను రంపంతో కోసి, పలక మీద దగ్గరదగ్గరగా అంటిస్తే అవి పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అయితే ఇది ఆరోగ్యంగా ఉన్న పగడానికే. తెల్లబడినదాన్ని, ఇంకా రంగు రాకుండా, వేగంగా పెరుగుతుందని కోయడం పాపం.

ఇంతా చెప్పాక చట్టం మాట ఎత్తకపోతే మోసం చేసినట్టే. మన సముద్రాల్లోని రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికున్న రక్షణే వాటికీ. తీయడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. విదేశాల నుంచి వచ్చే రాతి పగడాలన్నీ అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. అనుమతి పత్రం లేకుండా రాకూడదు, 2022 సవరణ తర్వాత అలాంటి జీవులను ఉంచుకునేవారు నమోదు చేయించుకోవాలి. అయ్యో తెల్లబడిపోయింది, తక్కువ ధరకిస్తున్నాడు, మనం బతికిద్దాం అని కొనేవాళ్ళు కొందరుంటారు. ఆ జాలిని కాదనను గానీ, దాని ఫలితాన్ని కాదనాలి. ఆ డబ్బు తర్వాతి పగడాన్ని దిబ్బ నుంచి విరిచేవాడికి చేరుతుంది. అలాంటప్పుడు నంద్యాలలో కూర్చుని ఇదంతా ఎందుకు తెలుసుకోవడం అంటే, పత్రాలతో ఉన్న తొట్టిని సరిగా చూసుకోవడానికి మొదట, దిబ్బల గురించి వచ్చే వాగ్దానాలను తూచడానికి తర్వాత. తూత్తుక్కుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ మన్నార్‌లో 2002 నుంచి సిమెంటు చట్రాల మీద పగడపు ముక్కలు నాటుతోంది. కృష్ణా గోదావరుల ఒండ్రు నీళ్ళ వల్ల మన తీరానికి దిబ్బలు లేవు. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర రాళ్ళ మీద కొన్ని పగడాలు మాత్రం కనిపించాయి. కాబట్టి మన్నార్ మాటే మనకు దగ్గరి మాట.

తొట్టిలో పనికొచ్చిన నీడ, తిండి, నిలకడ సముద్రంలో పనికిరావా అని అడిగితే, సూత్రం పనికొస్తుంది, చేతులే చాలవు అనాలి. తొట్టిలో మనం వేడిని ఆపగలం, కోలుకోవడానికి కావాల్సినన్ని నెలలు ఇవ్వగలం. టెర్రీ హ్యూస్ బృందం 2018లో సైన్స్ పత్రికలో ప్రపంచంలోని 100 చోట్ల లెక్క తీసి, తీవ్రంగా తెల్లబడ్డం 1980ల మొదట్లో 25-30 ఏళ్ళకోసారి వచ్చేదని, ఇప్పుడు సుమారు 6 ఏళ్ళకోసారి వస్తోందని చూపించింది. వేగంగా పెరిగే కొమ్మ పగడాలకు కూడా తిరిగి కుదురుకోవడానికి 10 నుంచి 15 ఏళ్ళు కావాలి. మన్నార్‌లో 2010లో తెల్లబడ్డాయి, 2016లో మళ్ళీ తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతా నాలుగోసారి తెల్లబడుతున్నాయని ప్రకటించారు. ఆ ఏడాది లక్షదీవులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.